ఆరో తరగతి పిల్లవాడికి ట్రాంబోన్: ఏది తీసుకోవాలి, ఎప్పుడు కొనాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగిలినవారికీ పనికొస్తుంది. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. మీ బాబు ఆగస్టులో ఆరో తరగతిలో చేరుతున్నాడు. బ్యాండులో చేరే పిల్లలచేత వాద్యాలు ఊదించి చూసిన రోజున అతనికి ట్రాంబోన్ (గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం) నప్పుతుందని బ్యాండ్ డైరెక్టర్ రాసిచ్చారు. ఆన్‌లైన్‌లో రెండు వందల డాలర్ల లోపే కొత్తది వస్తోంది కదా అని మీరు అంటున్నారు. ఎలాగూ కొంటున్నాం కనుక హైస్కూలు దాకా పనికొచ్చేలా ట్రిగ్గర్ (కింది స్వరాలకోసం బొటనవేలితో నొక్కే మీట) ఉన్నదే కొందామని మీ వారు అంటున్నారు. విజయవాడలో ఉన్న మీ మామగారు బ్యాండు మేళం వాళ్ళను అడిగి అక్కడి నుంచే కొని పంపిస్తామంటున్నారు. బాబు చేతులు పొట్టివని, వచ్చే ఏడాది పళ్ళకు బ్రేసులు వేయించాలని కూడా రాశారు. నేను ఇక్కడి స్కూలు పిల్లలకు చాలా ఏళ్ళుగా ట్రాంబోన్, యుఫోనియం నేర్పుతున్నాను; వాటిని రిపేరు చేసే బల్ల దగ్గరా కూర్చుంటాను కనుక, ఏ వాద్యం ఏ స్థితిలో తిరిగి వస్తుందో చూస్తూనే ఉంటాను.

నా సమాధానం ఇది: ఈ ఏడాదికి ట్రిగ్గర్ లేని, చిన్న బోర్ (గొట్టం లోపలి వెడల్పు) ఉన్న, పేరున్న కంపెనీ విద్యార్థి ట్రాంబోన్‌ను అద్దెకు తీసుకోండి. ఆరో తరగతి పూర్తయ్యేసరికి బాబు ఇష్టంగా ఊదుతూంటే అటువంటిదే పాతది ఒకటి చూసి కొనండి. ట్రిగ్గర్ ఉన్న పెద్ద వాద్యం సంగతి ఎనిమిదో తరగతి దాటుతున్నప్పుడు ఆలోచించండి. ఎప్పుడు కొన్నా, ఏది కొన్నా, ముందు స్లైడు, అంటే చేత్తో జరిపే ఆ గొట్టం, చూడండి. ఈ వాద్యంలో మెరుపు, పేరు, బెల్ (ధ్వని బయటికి వచ్చే గరాటు భాగం) మీద చెక్కిన నగిషీ, ఇవన్నీ స్లైడు తరువాతే. స్లైడు సరిగా లేని ట్రాంబోన్ ఎంత తక్కువకు వచ్చినా దండగే.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ట్రంపెట్‌లోనో క్లారినెట్‌లోనో స్వరస్థానాన్ని వాద్యం తయారుచేసినవారు చాలావరకు ముందే ఏర్పాటు చేసి పెడతారు. ట్రాంబోన్‌లో ఆ పని పిల్లవాడి కుడిచేతికీ చెవికీ అప్పజెప్పారు. చేయి జరిపే దూరం మీద ఏడు స్థానాలు ఉంటాయి, ఒక్కొక్కటి ఒక అర్ధస్వరం కిందికి దింపుతుంది, పైగా బయటికి పోయేకొద్దీ స్థానాల మధ్య ఎడం కాస్త కాస్త పెరుగుతుంది. ఎక్కడా గీత ఉండదు, ఆపే మెట్టు ఉండదు. స్లైడు తేలికగా జారితేనే పిల్లవాడు తన చెవికి వినబడినదాన్ని బట్టి చేతిని సర్దుకోగలడు. స్లైడు పట్టేస్తూంటే అతని ధ్యాసంతా దాన్ని తోయడం మీదే ఉంటుంది. బలంగా తోసినప్పుడు మౌత్‌పీస్ పెదవుల మీద కదిలి ధ్వని తెగుతుంది. చివరికి శ్రుతి తప్పుతున్నది తానేనని పిల్లవాడు నమ్ముతాడు. మొదటి ఏడాదిలోనే ట్రాంబోన్ వదిలేసే పిల్లల్లో పాడైన స్లైడుతో కుస్తీ పట్టినవారు చాలామంది ఉంటారని నా అభిప్రాయం.

బాబు రెండేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడని రాశారు. చాలా మంచిది. శ్రుతిలో నిలబడడమంటే ఏమిటో తెలిసిన చెవి ఈ వాద్యానికి దొరికే గొప్ప సాయం. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: స్వరం నుంచి స్వరానికి జారడం అతనికి సుఖంగా అనిపిస్తుంది, ట్రాంబోన్ కూడా ఆ పనికి సిద్ధంగా ఉంటుంది, కానీ బ్యాండు పాఠాల్లో ఆ జారుడు వినబడకూడదు. స్లైడు కదిలే క్షణంలో నాలుకతో మెత్తగా 'డా' అని తాకి దాన్ని దాచడం నేర్పుతారు. ఇంట్లో సరదాకు మోహన రాగం వాయించుకుంటే ఎవరూ కాదనరు.

ఇప్పుడు రెండు వందల డాలర్ల ట్రాంబోన్ సంగతి. ఒకదానిలో ఒకటి దూరే రెండు జతల గొట్టాలే స్లైడు. లోపలి గొట్టాల కింది కొనల దగ్గర కొంత మేర మాత్రం చుట్టుకొలత వెంట్రుకవాసి ఎక్కువగా ఉంటుంది, దాన్నే స్టాకింగ్ అంటారు. బయటి గొట్టం ప్రధానంగా దాని మీద నడుస్తుంది. రెండు జతలూ పొడవునా ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే పట్టాలు వంకరపోయిన సొరుగులాగా ఒకచోట జారి ఒకచోట బిగుస్తుంది. ఈ పని కచ్చితంగా చేయడానికి ఖర్చవుతుంది. పేరూ ఊరూ లేని చౌక వాద్యాల్లో ధర తగ్గించేది ఇక్కడే, ఎందుకంటే ఫొటోలో కనబడనిది ఇదే. పూత పలచగా ఉంటుంది, అతుకులు ఊడిపోతాయి, లోహం మెత్తగా ఉండి చిన్న దెబ్బకే సొట్ట పడుతుంది, విడిభాగాలు దొరకవు. చాలా రిపేరు దుకాణాలు వాటిని ముట్టుకోవు. పొగరు వల్ల కాదు, చేసిన పని నిలవదని తెలుసు కనుక. అలాంటివాటిని మా వృత్తిలో 'వాద్యం ఆకారంలో ఉన్న వస్తువు' అంటారు. మీ బాబు స్కూలు పంపిన కాగితంలో తీసుకోదగిన కంపెనీల జాబితా ఉండే ఉంటుంది. అది ఎవరికో వ్యాపారం చేసిపెట్టడానికి రాసినది కాదు, తరగతిలో సగం సమయం పాడైన వాద్యాలతో పోకుండా ఉండడానికి రాసినది.

మీ మామగారి మాట ఆప్యాయతతో అన్నది కనుక జాగ్రత్తగా జవాబు చెప్పండి. మన పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో కనబడే ఇత్తడి వాద్యాలు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో, జలీ కోఠీ ప్రాంతంలో తయారవుతాయి. తరతరాలుగా ఆ పని చేస్తున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి, వాళ్ళ చేతిపనిని నేను తక్కువ చేయను. కానీ ఆ వాద్యాలు వీధిలో నడుస్తూ, డోళ్ళ మధ్య దూరానికి వినబడేలా ఊదేందుకు చేసినవి. ఇక్కడ అరవై మంది పిల్లలు ఒకే శ్రుతిలో కూర్చుని వాయించాలి, ఏడాది తిరిగేసరికి స్లైడు సరిచేయించాలి, ఒక స్క్రూ పోతే అదే కొలతలో మరొకటి దొరకాలి. ఆ పనికి అది సరిపోదు. పైగా విమానంలో సామానుగా వచ్చే ట్రాంబోన్ స్లైడు వంగకుండా చేరడం అదృష్టమే. ఆ డబ్బుతో బాబుకు ఒక మంచి మౌత్‌పీస్, స్టాండు కొనిపెట్టమని అడగండి. తాతగారి కానుకగా అవి చాలా ఏళ్ళు ఉంటాయి.

చేతుల పొడవు గురించి మీరు పడుతున్న ఆందోళనకు కారణం ఉంది. పిల్లలకు మొదట నేర్పే బి ఫ్లాట్ స్కేలులో రెండో స్వరమైన సి ఆరో స్థానంలో వస్తుంది. అంటే మొదటి స్వరం చేయి ముడుచుకుని ఊదితే, వెంటనే రెండోదానికి దాదాపు పూర్తిగా చాచాలి. పదకొండేళ్ళ పిల్లల్లో చాలామందికి ఆరో స్థానం సరిగా అందదు, ఏడోది అసలు అందదు. ఇది మీ బాబు ఒక్కడి సమస్య కాదు, ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. కుడి భుజాన్ని కొంచెం ముందుకు రానిచ్చి, స్లైడు అడ్డకడ్డీని గుప్పిటతో కాక వేళ్ళ కొనలతో పట్టుకుని, మణికట్టును వదులుగా ఉంచితే కొన్ని అంగుళాలు కలిసివస్తాయి. మెడ తిప్పడం, వాద్యాన్ని పక్కకు లాగడం మాత్రం అలవాటు కానివ్వకండి. ఏడాది, ఏడాదిన్నరలో ఎదుగుదలే ఈ సమస్యను తీరుస్తుంది. మరీ చిన్న పిల్లలకోసం యమహా వారు వై.ఎస్.ఎల్. 350సి అనే పొట్టి వాద్యం చేశారు; అందులో ఆరు, ఏడు స్థానాలకు చేయి చాపనక్కర లేకుండా ఒక వాల్వ్ ఉంటుంది. మీ బాబు ఎత్తు చూస్తే అది అవసరమనిపించడం లేదు.

మరి అదే పనికి ట్రిగ్గర్ ఉందిగా అని మీ వారు అడుగుతారు. నిజమే. ఎడమచేతి బొటనవేలితో నొక్కే ట్రిగ్గర్ ఒక రోటర్ వాల్వ్‌ను తిప్పి, బెల్ వెనుక చుట్టి ఉన్న అదనపు గొట్టంలోకి గాలిని మళ్ళిస్తుంది. వాద్యం బి ఫ్లాట్ నుంచి ఎఫ్‌కు దిగుతుంది, అందుకే దాన్ని ఎఫ్ గొట్టం అంటారు. ఆరో స్థానంలోని సి అప్పుడు మొదటి స్థానంలోనే, ఏడో స్థానంలోని బి సుమారుగా రెండో స్థానంలో దొరుకుతాయి. అయినా ఆరో తరగతికి వద్దంటున్నాను. ట్రిగ్గర్, దాని గొట్టం కలిపి వాద్యం బరువు పెరుగుతుంది, ఆ బరువంతా ఎడమచేతి మీదే పడుతుంది. బరువుకు ఎడమచేయి వాలితే బెల్ కిందికి దిగుతుంది, నడుము వంగుతుంది, ఊపిరి తగ్గుతుంది. రెండోది, ట్రిగ్గర్ ఉన్నవాటిలో ఎక్కువ భాగం పెద్ద బోర్‌వి. బోర్ అంటే స్లైడు లోపలి గొట్టపు వ్యాసం. విద్యార్థి వాద్యాల్లో అది 0.500 అంగుళాలు, అంటే 12.7 మిల్లీమీటర్లు; ఆర్కెస్ట్రా వాద్యాల్లో 0.547 అంగుళాలు, అంటే 13.9 మిల్లీమీటర్లు. చూడడానికి తేడా ఒక మిల్లీమీటరు పైచిలుకే, కానీ ఊదేవారికి అది చాలా ఎక్కువ. పదకొండేళ్ళ ఊపిరితో పెద్ద బోర్ నిండదు, ధ్వని గాలిగాలిగా వస్తుంది, నాలుగు ఆవర్తాలు ఊదేసరికి తల తిరుగుతుంది. మూడోది, ట్రిగ్గర్ చేతిలో ఉంటే ఆరో స్థానం నేర్చుకోవడాన్ని పిల్లలు వాయిదా వేస్తారు, తరువాత అది వారి బలహీనతగా మిగిలిపోతుంది. ఒక మినహాయింపు మాత్రం ఉంది: మీ స్కూలు కాగితంలో మొదటి ఏడాది నుంచే ట్రిగ్గర్ ఉండాలని రాసి ఉంటే వారు చెప్పినట్టే చేయండి. తరగతిలో రోజూ చూసేది వారు. అప్పుడు 0.525 అంగుళాల మధ్యరకం బోర్‌ది దొరుకుతుందేమో అడగండి.

అద్దెకు ఏది వస్తుందంటే, ఈ ప్రాంతపు దుకాణాల్లో ఎక్కువగా కనబడేవి యమహా వై.ఎస్.ఎల్. 354, బాక్ వారి విద్యార్థి వాద్యాలు, కింగ్ 606, జూపిటర్, గెట్‌జెన్. వీటిలో ఏదైనా పరవాలేదు. నన్ను ఒక్కటి చెప్పమంటే 354 అంటాను: స్లైడు నమ్మకంగా ఉంటుంది, పాతదైనా బాగా నడుస్తుంది, అమ్మబోతే వెంటనే పోతుంది. బెల్ పసుపు ఇత్తడా, రాగిపాలు ఎక్కువున్న గోల్డ్ బ్రాసా అన్న చర్చ మీకు ఆన్‌లైన్‌లో చాలా కనబడుతుంది; ఆరో తరగతి వయసులో దాని గురించి ఒక్క నిమిషం కూడా వెచ్చించనక్కర లేదు.

అద్దె నెలకు సాధారణంగా 20 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. చాలా దుకాణాలు కట్టిన అద్దెను ధరలో జమచేసి చివరికి వాద్యం మీకే చెందేలా ఒప్పందం రాస్తాయి. సంతకం చేసేముందు ఆ కాగితం పూర్తిగా చదవండి. జమ అయ్యేది మొత్తం అద్దెనా, అందులో కొంత భాగమేనా? వాద్యానికి వాళ్ళు రాసుకున్న ధర ఎంత? (ఒప్పందంలోని ధర బయట అదే వాద్యం దొరికే ధర కంటే ఎక్కువగా ఉండడం మామూలే.) జమ అయిన సొమ్మును తరువాత ట్రిగ్గర్ వాద్యానికి మార్చుకోవచ్చా? రక్షణ రుసుము సొట్టలకూ రిపేర్లకూ మాత్రమేనా, పోయినా దొంగిలించినా వర్తిస్తుందా? రిపేరుకు ఇచ్చినన్ని రోజులూ మరో వాద్యం ఇస్తారా? నా లెక్కలో ఆ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే వాద్యం లేకుండా రెండు వారాలు గడిస్తే మొదటి ఏడాది పిల్లవాడు వెనకబడిపోతాడు. అద్దెను ఏళ్ళ తరబడి సాగనివ్వకండి. మొదటి ఏడాదికి అది మంచి ఏర్పాటు, ఆ తరువాత పాతది కొనడమే చవక. కొత్త విద్యార్థి ట్రాంబోన్ వెయ్యి డాలర్లు దాటుతుంది. మంచి స్థితిలో ఉన్న పాతది దాదాపు సగానికో ఇంకా తక్కువకో వస్తుంది.

పాతది కొనేటప్పుడు ఏం చూడాలో కాస్త వివరంగా చెబుతాను. ఫేస్‌బుక్ మార్కెట్‌లో గానీ, హైస్కూలు పూర్తిచేసిన పిల్లల ఇళ్ళలో గానీ మంచివి దొరుకుతాయి. మీకు ఊదడం రానక్కర లేదు, ఈ పరీక్షలు ఎవరైనా చేయవచ్చు. ముందు స్లైడును బెల్ నుంచి విడదీసి, లాక్ వదిలి, బయటి భాగాన్ని మెల్లగా పూర్తిగా తీసేయండి. లోపలి గొట్టాలను తుడిచి, ట్యూబ్‌లైటు కింద కంటికి దగ్గరగా పట్టుకుని పొడవునా చూడండి. గొట్టం మీద లైటు గీతలా ప్రతిఫలిస్తుంది. ఆ గీత ఎక్కడ వణికితే అక్కడ సొట్టో వంకరో ఉన్నట్టు. గొట్టాల మీది క్రోమ్ పూత నీలి ఛాయతో తెల్లగా ఉండాలి. పసుపు ఛాయ కనబడితే అక్కడ పూత అరిగి కింది లోహం బయటపడిందని అర్థం. కింది స్టాకింగ్‌ల దగ్గర ఇది ఎక్కువగా చూడండి. కొద్దిపాటి అరుగుదలతో ఏళ్ళ తరబడి వాయించవచ్చు, కానీ పూత పొలుసుగా లేచివస్తూంటే వదిలేయండి.

తరువాత బయటి స్లైడులోని ఒక గొట్టాన్ని మాత్రమే దాని జత లోపలి గొట్టం మీద ఎక్కించి, రెండోది పక్కకు ఉండేలా తిప్పి, పైకీ కిందికీ జరపండి. రెండో వైపు కూడా అలాగే చేయండి. విడివిడిగా రెండూ సాఫీగా నడిచి, కలిపి ఎక్కించినప్పుడు మాత్రం పట్టేస్తే, గొట్టాలు సమాంతరంగా లేవన్నమాట. ఇది మంచి టెక్నీషియన్ సరిచేయగలిగినది. ఒక్క వైపే గరగరమంటే లోపల సొట్టో, ఎండిన మురికో ఉంది. ఇప్పుడు స్లైడును నిలువుగా పట్టుకుని, కింద చేయి అడ్డుపెట్టి బయటి భాగాన్ని వదలండి. తన బరువుతో ఎక్కడా ఆగకుండా దిగాలి. మళ్ళీ పైకి లాగి, లోపలి గొట్టాల పైకొనలు రెండింటినీ, అంటే మౌత్‌పీస్ పెట్టే కొననూ బెల్ తగిలించే కొననూ, వేళ్ళతో గట్టిగా మూసి వదలండి. స్లైడులో గాలి కారకపోతే ఈసారి అది చాలా నెమ్మదిగా దిగుతుంది, లేదా దాదాపు నిలిచిపోతుంది. ధడాలున దిగిపోతే గాలి ఎక్కడో కారుతోంది. ఒక్కోసారి ఆ తప్పు వాటర్ కీ (లోపల చేరిన నీటిని వదిలే మీట) కింది బెండుదే, దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. కనుక ఒక వేలితో దాన్ని నొక్కిపట్టి పరీక్షను మరోసారి చేయండి.

బయటి స్లైడు చివరనున్న వంపు మీది సొట్టలకు భయపడకండి. లోపలి గొట్టాలు అంతవరకు రావు, కనుక అవి నడకను చెడగొట్టవు. బెల్ అంచున చిన్న సొట్టలు, పైన పూసిన లక్కర్ పోయిన మచ్చలు చూపు మీదే తప్ప ధ్వని మీద చెప్పుకోదగిన ప్రభావం చూపవు. వాటిని చూపించి బేరమాడవచ్చు. గొట్టాల మీద, ముఖ్యంగా మౌత్‌పీస్ దగ్గరి భాగంలోనూ శ్రుతి సరిచేసే ట్యూనింగ్ స్లైడు వంపులోనూ, నడుమ చిన్న నల్లచుక్కతో గులాబీ రంగు మచ్చలు కనబడితే మాత్రం జాగ్రత్త. ఇత్తడిలోని జింకు లోపలి నుంచి తినబడి రాగి మిగులుతున్న గుర్తు అది. పైపూత వేసినంత మాత్రాన ఆగదు. ట్యూనింగ్ స్లైడు చేత్తో కదలాలి, కదలకపోతే అమ్మేవారి ముందు మీరు లాగకండి. ట్రిగ్గర్ ఉన్నదైతే, ట్రిగ్గర్ నొక్కకుండా ఎఫ్ గొట్టపు స్లైడును కొద్దిగా బయటికి లాగి, ఒక క్షణం ఆగి అప్పుడు నొక్కండి. 'టప్'మని చప్పుడు వస్తే రోటర్ గాలి పట్టి ఉంచుతోంది. ఏ చప్పుడూ లేకపోతే రోటర్ అరిగిపోయి ఉండవచ్చు, అది ఖరీదైన పని.

స్లైడు సరిచేయడానికి, ఒకటి రెండు సొట్టలు తీయడానికి ఈ ప్రాంతంలో నూరు డాలర్ల అటూఇటుగా అవుతుంది. లోపలి గొట్టాలే మార్చవలసి వస్తే ఖర్చు పాత విద్యార్థి వాద్యం విలువను మించిపోవచ్చు. అందుకే కొనేముందు టెక్నీషియన్‌కు చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే నేనైతే అక్కడితో ఆపేస్తాను. పాత అమెరికన్ వాద్యాలు, ఉదాహరణకు ఓల్డ్స్ అంబాసిడర్, కాన్ డైరెక్టర్, పాత సామాన్ల దుకాణాల్లో చవకగా కనబడతాయి. వాటి ధ్వని నాకు చాలా ఇష్టం. కానీ ఓల్డ్స్ కంపెనీ 1979లోనే మూతపడింది. విడిభాగాలకోసం వెతుక్కోవడం, యాభై ఏళ్ళ స్లైడును నడిపించడం పిల్లవాడికి పెట్టే పని కాదు. అవి పెద్దయ్యాక సరదాకు కొనుక్కునేవి.

మౌత్‌పీస్ విషయంలో కొంచెం డబ్బు పెట్టడం మంచిదే. విద్యార్థి వాద్యంతో సాధారణంగా 12సి అనే సైజు గానీ, యమహా అయితే 48 గానీ వస్తుంది. మొదటి కొన్ని నెలలు దానితోనే ఉండనివ్వండి. తరువాత చాలామంది ఉపాధ్యాయులు 6½ ఏ.ఎల్. కు మార్పిస్తారు, 12సి నుంచి మారితే అంచు లోపలి వ్యాసం 24.5 నుంచి సుమారు 25.4 మిల్లీమీటర్లకు పెరిగి, కప్పు లోతవుతుంది, ధ్వని నిండుగా వస్తుంది. కొనేటప్పుడు షాంక్ చూసుకోవాలి. వాద్యంలోకి దూరే కాడ కొలత అది, 0.500 బోర్ వాటికి చిన్న షాంక్, 0.547 వాటికి పెద్ద షాంక్. 6½ ఏ.ఎల్. రెండు రకాలుగానూ దొరుకుతుంది కనుక ఆర్డరు పెట్టేటప్పుడు పొరపాటు జరగడం తేలిక. మౌత్‌పీస్ ఇరుక్కుపోతే, ఎప్పుడో ఒకసారి ఇరుక్కుంటుంది, మీ వారిని పట్టకారు తీయనివ్వకండి. దాన్ని లాగే పరికరం స్కూలు బ్యాండు గదిలోనే ఉంటుంది, నిమిషంలో వచ్చేస్తుంది. పట్టకారుతో తిప్పితే లోపలి గొట్టం అతుకు ఊడుతుంది.

స్లైడుకు యమహా వారి లూబ్రికెంట్ గానీ, స్లైడ్-ఓ-మిక్స్ గానీ రెండు మూడు చుక్కలు, పైన నీళ్ళ తుంపర చాలు. కొబ్బరినూనె వద్దు. నవ్వుకోకండి, మన ఇళ్ళ నుంచి వచ్చిన వాద్యాల్లో నేను తుడిచినదే చెబుతున్నాను. అది చల్లబడితే గట్టిపడుతుంది, మురికిని పట్టి ఉంచుతుంది. ఊదేముందు పళ్ళు తోముకోవడం, లేదా కనీసం నీళ్ళతో పుక్కిలించడం అలవాటు చేయించండి. చిరుతిండి తిని ఊదితే ఆ పిండంతా స్లైడులోకే పోతుంది. టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో వాద్యాన్ని వదలకండి. గుడ్డ సంచి కాక గట్టి పెట్టె ఉండాలి, స్కూలు బస్సులో దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారు. స్లైడు లాక్ వేయకుండా వాద్యాన్ని ఎత్తకూడదన్నది మొదటి రోజే నేర్పండి, ఎందుకంటే రిపేరు బల్ల మీదికి వచ్చే సొట్టల్లో ఎక్కువ భాగం బయటి స్లైడు జారి నేల మీద పడినవే.

ఇక ట్రిగ్గర్ ఎప్పుడంటే, బాబు ఎనిమిదో తరగతిలో ఉండి, రీజియన్ బ్యాండ్ (చుట్టుపక్కల స్కూళ్ళ నుంచి ఎంపికచేసిన పిల్లల బ్యాండు) ఆడిషన్లకు తయారవుతూ, కింది స్వరాల కోసం ఇబ్బంది పడుతున్నాడని అతని ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు. హైస్కూలు ఆడిషన్ పాఠాల్లో ఆ స్వరాలు తరచుగా వస్తాయి, వేగంగానూ వస్తాయి. అప్పుడది విలాసం కాదు. ఆ స్థాయిలో యమహా 448జి 0.525 బోర్‌తో మధ్యేమార్గం. బాక్ 42బి, కాన్ 88హెచ్, యమహా 882 పెద్ద బోర్‌వి, కాలేజీ దాకా నడుస్తాయి. ఇవి కొత్తవైతే వేల డాలర్లే కనుక ఇక్కడా పాతవి చూడండి, కానీ ఈసారి బాబును వెంట తీసుకెళ్ళి, కనీసం మూడు వాద్యాలను ఒకే గదిలో, తన సొంత మౌత్‌పీస్‌తో ఊదనివ్వండి. పేర్ల చివర 'ఓ' అక్షరం ఉన్నవి ఓపెన్ ర్యాప్, అంటే ఎఫ్ గొట్టం తక్కువ వంపులతో బెల్ వెనుకకు పొడుచుకు వస్తుంది. గాలి ధారాళంగా పోతుందని పెద్దలు ఇష్టపడతారు. తలుపులకూ కుర్చీలకూ తగిలేది కూడా ఆ భాగమే. పిల్లలకు దగ్గరగా చుట్టిన పాత పద్ధతి గొట్టమే మేలని నా మాట. పెద్ద వాద్యం వచ్చిందని చిన్నదాన్ని అమ్మేయకండి. హైస్కూలులో మార్చింగ్ బ్యాండు ఉంటుంది. ఫుట్‌బాల్ మైదానంలో ఎండకూ వానకూ తిరగాల్సింది ఆ పాత 354నే, మూడు వేల డాలర్లది కాదు.

చివరగా బ్రేసులు. ట్రంపెట్ అయి ఉంటే మిమ్మల్ని కాస్త హెచ్చరించేవాణ్ణి. ట్రాంబోన్ మౌత్‌పీస్ వెడల్పుగా ఉండడం వల్ల ఒత్తిడి పెదవుల మీద పరుచుకుంటుంది, పిల్లలు ఎక్కువమంది కొద్ది వారాల్లో అలవాటు పడతారు. బ్రేసులు వేసిన వారంలో పైస్వరాలు పోతాయి, ఆ వారంలో ఆడిషనో కచేరీయో పడకుండా దంత వైద్యుడి దగ్గర తేదీ తీసుకోండి. పెదవి లోపల గీసుకుపోకుండా మైనం అడిగి తెచ్చుకోండి, మౌత్‌పీస్‌ను నొక్కి ఊదడం తగ్గించమని చెప్పండి, ఒకేసారి గంట కాకుండా పది నిమిషాల చొప్పున రోజులో మూడు సార్లు ఊదించండి. బ్రేసులు తీసేసిన రోజున మళ్ళీ అదే జరుగుతుంది, నోటికి అంతా కొత్తగా ఉంటుంది. అప్పుడు కూడా ఒకటి రెండు వారాలు ఓపిక పట్టాలి. మౌత్‌పీస్ మార్చే ఆలోచన ఉంటే ఆ రెండు సందర్భాలకూ దూరంగా పెట్టుకోండి.